ఎత్తి పోసుకున్న నీళ్ళు

తమిళనాడులో పాపిరెడ్డిపట్టి బస్టాండు దాటి కడత్తూరు రోడ్డు పట్టుకుంటే, ఎడమచేతి వైపు టైర్ల కొట్టు పక్కన ఒక రేకుల షెడ్డు ఉండేది. దాని ముందు మూతలు తీసిన బ్యాటరీలు వరసగా ఛార్జింగుకు పెట్టి ఉండేవి. లోపల ముక్కాలిపీట మీద కూర్చుని, గోధుమరంగు పళ్ళు బయటపెట్టి నవ్వుతూ, వచ్చిన ప్రతివాడికీ ఏదో ఒక గొప్ప చెప్పే మనిషి లక్ష్మణ. పళ్ళు ఆ రంగులో ఉండటం అతని తప్పు కాదు. ఆ పక్క బోరు నీళ్ళు తాగి పెరిగిన వాళ్ళందరి పళ్ళూ అంతే. గొప్పలు మాత్రం అతని సొంతం. మనిషి బంగారం, చేతిలో పని ఉంది, తాగుడు లేదు. ఉన్న రోగమల్లా ఆ నోరే.

ఆ నోటికి ఒక కారణం ఉంది. చెప్తాను వినండి.

లక్ష్మణ వాళ్ళ నాయన వేడియప్ప, వెంకటరామప్ప పొలాల్లో కూలి. వెంకటరామప్ప అంటే ఆ చుట్టుపక్కల తడి నేల, మెట్ట నేల, మామిడితోట, కర్రపెండలం తోలే లారీలు, సగ్గుబియ్యం మిల్లు, అన్నీ ఉన్న మనిషి. ఇంట్లో మాట్లాడుకునేది ఆయనా తెలుగే, వేడియప్పా తెలుగే. అంతవరకే పొత్తు. కూలివాడికి దాహమైతే ఆయన వాకిట్లోకి వచ్చి నిలబడాలి. లోపలినుంచి చెంబు వస్తుంది. తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి, చెంబు జానెడు పైకెత్తి పోసుకోవాలి. పెదవి తగలకూడదు. తగిలితే ఆ చెంబు మళ్ళీ ఇంట్లోకి పోదు, వీడికి మళ్ళీ నీళ్ళు రావు. నడక నేర్చిన కొన్నాళ్ళకే లక్ష్మణ ఆ విద్యా నేర్చుకున్నాడు. గుటక వెయ్యకుండా, గొంతు తెరిచిపెట్టి, ధారగా లోపలికి దింపుకోవడం. చేతకాని పిల్లలు ఉక్కిరిబిక్కిరై దగ్గేవాళ్ళు. లక్ష్మణ ఒక్కసారి కూడా దగ్గలేదని వాళ్ళమ్మ మురిసిపోయేదట. ఏం మురిపెమో, ఏం పాడో.

ఒకసారి వెంకటరామప్ప ఎద్దు కాలువలో జారి కాలు విరగ్గొట్టుకుంది. ఆ సమయంలో వేడియప్ప ఆ చుట్టుపక్కల కూడా లేడు, కొండకింద చేనులో రాగి కోస్తున్నాడు. అయినా పిలిపించారు. వచ్చాడు. తువ్వాలు తీసి నడుముకు కట్టుకుని, వాకిట్లో వంగి నిలబడి, "తప్పైపోయింది సామీ" అన్నాడు. ఎవరి తప్పు, ఏం తప్పు అని అడగలేదు. ఎద్దు పడినా, వాన పడకపోయినా, మోటారు కాలిపోయినా అదే మాట. లక్ష్మణ పక్కన నిలబడి చూశాడు. ఈ ఒక్క మాట తన నోట రాకూడదని ఆనాడే గట్టిగా అనుకున్నాడు. అడుక్కుతింటాడేమో గానీ ఆ మాట అనడు. బతుకంతా ఆ పంతం మీదే నడిపాడు, దాన్నుంచే ఆ గొప్పలన్నీ పుట్టాయి.

పొలానికి పోనని ధర్మపురి పారిపోయి ఒక బ్యాటరీ కొట్టులో చేరాడు. యాసిడ్ తో చొక్కాలన్నీ జల్లెడలైనా పని నేర్చాడు. తిరిగొచ్చి షెడ్డు వేసుకున్నాడు. అక్కమ్మను పెళ్ళి చేసుకున్నాడు. డ్రైవర్లు "మేస్త్రీ" అని పిలవడం మొదలుపెట్టారు. టీ కొట్టులో అందరి గ్లాసులోనే తనూ పెదవి ఆనించి తాగేవాడు, అదీ నిదానంగా, చుట్టూ చూస్తూ. ఆ టీ రుచి మీకూ నాకూ తెలియదు.

రెండువేల ఎనిమిదిలో డీజిలు ధర ఎక్కి కూర్చుంది. లారీ ఓనర్లు తలలు పట్టుకున్నారు. అప్పుడొక డ్రైవరు బెంగుళూరు నుంచి ఒక సీడీ తెచ్చి లక్ష్మణకు చూపించాడు. నీళ్ళలో స్టీలు రేకులు ముంచి బ్యాటరీ నుంచి కరెంటు పంపితే నీళ్ళు విడిపోయి రెండు వాయువులై బుడగలు కడతాయి. ఒకటి మండేది, ఇంకొకటి మంటను పెంచేది. ఆ గ్యాసును సన్న గొట్టంతో ఇంజను పీల్చే గాలిలోకి వదిలితే డీజిలు బాగా కాలుతుందనీ, తక్కువ డీజిలుతో ఎక్కువ దూరం పోవచ్చుననీ ఆ సీడీలో మనిషి చెప్పాడు. లక్ష్మణ ఎగిరి గంతేశాడు. బుడగలు అతనికి కొత్తా? పగలంతా ఛార్జింగులో ఉన్న బ్యాటరీల్లో చూసేది అవే కదా.

మందపాటి గాజు సీసా తెచ్చాడు, రేకులు కోశాడు, గొట్టం బిగించాడు. ఉత్త నీళ్ళు పోస్తే ఒకటీ అరా బుడగలు తప్ప ఏమీ లేదు. ఉప్పు వేస్తే ముక్కు పగిలే వాసన, రేకులు తుప్పు. వంటసోడా వేస్తే బురద. ఎవరో సబ్బులు చేసేవాడు కాస్టిక్ సోడా వాడి చూడమన్నాడు. అది వేసేసరికి సీసా నిండా పాలు పొంగినట్టు బుడగలు. అక్కమ్మ కూడా నోరు తెరుచుకుని చూసింది. ఆ తర్వాత సోడా కలిపే పని ఆమె చేతికే వచ్చింది. షెడ్డు వెనక ప్లాస్టిక్ బకెట్లో పుల్లతో కలిపేది. ఎంత జాగ్రత్తపడినా వేళ్ళ చివర తోలు ఊడిపోయేది. అన్నం కలుపుకుంటే మంట.

ఇక్కడే లక్ష్మణ బుద్ధి గడ్డి తిన్నది. సోడా సంగతి చెప్తే ప్రతి మెకానిక్కూ సీసా తయారుచేస్తాడు. పైగా డ్రైవర్లు భయపడతారు. అందుకని ఏం కలుపుతావని ఎవరడిగినా ఏమీ లేదు, వట్టి నీళ్ళే, పనంతా రేకుల్లో ఉంది అనేవాడు. అక్కడితో ఆపాడా? మీరు తాగే బోరు నీళ్ళకంటే మేలైనవి, దారిలో దాహమైతే తాగొచ్చు అని కూడా అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా అక్కమ్మ తన వేళ్ళు చూసుకునేది. ఒకసారి ఉండబట్టలేక అడిగేసింది.

"ఎవడన్నా నిజంగా తాగితే ఏం చేస్తావయ్యా?"

ఇంజను నీళ్ళు ఎవడు తాగుతాడే అని నవ్వేశాడు లక్ష్మణ.

అసలు ఆ సీసాతో డీజిలు మిగిలిందా అని అడిగితే నిజం చెప్పాలి. సీసాకు కరెంటు ఇచ్చేది బ్యాటరీ. బ్యాటరీని నింపేది ఇంజను. ఇంజనుకు కావలసింది మళ్ళీ డీజిలే. తిప్పి తిప్పి తన తోక తనే కొరుక్కోవడం. కొత్తగా సీసా పెట్టుకున్న డ్రైవరు లెక్క చూసుకుంటూ నెమ్మదిగా తోలేవాడు, దాంతో కొంత మిగిలేది, అదంతా సీసా మహిమ అనుకునేవాడు. సీసా ఉన్న బండ్ల బ్యాటరీలు తొందరగా చచ్చి తన షెడ్డుకే వస్తున్నాయని లక్ష్మణ గమనించకపోలేదు. గమనించి ఊరుకున్నాడు. అప్పటికి కడత్తూరు, బొమ్మిడి, ఏరియూరు నుంచి కూడా బండ్లు వస్తున్నాయి. అప్పుడు ఆపడం ఎవరికైనా కష్టమే.

కానీ అతని కన్నంతా ఒకే చోట ఉంది. వెంకటరామప్ప లారీలు. తన నాయన వంగి నిలబడిన వాకిట్లో తన సీసా బిగించిన బండి నిలబడాలి. ఎవరూ పిలవకుండానే వెళ్ళాడు. ఆయన డ్రైవరు మారియప్పన్ ను బతిమాలి ఒక లారీకి ఊరికే బిగించాడు. అందరికీ బిగించినట్టే క్యాబిన్ లోపల, డ్రైవరు కాలి పక్కన, బుడగలు కనబడేటట్టు పెట్టాడు. కనబడకపోతే ఇక లక్ష్మణ ఎందుకవుతాడు?

కొన్ని వారాలకు ఆ లారీ గాలిగొట్టం దగ్గరున్న అల్యూమినియం ముక్క తెల్లగా పొడిపొడిగా రాలిపోయింది. సీసా మూత సరిచేయబోయిన మారియప్పన్ బొటనవేలు తోలు లేచింది. అతను రెండూ తెచ్చి వెంకటరామప్పకు చూపించాడు. ఆయన సీసాలో వేలు ముంచి, బొటనవేలితో రుద్ది చూశాడు. సబ్బులా జారింది. వెంటనే చెయ్యి కడుక్కున్నాడు. ఆయన మిల్లులో తొట్లు కడిగేది ఆ సోడాతోనే. ఇంకెవరూ చెప్పనక్కరలేదు ఆయనకు. కేకలు వెయ్యలేదు. మరునాడు లారీ ఓనర్లు కొందరిని ఇంటికి రమ్మన్నాడు. వాళ్ళూ సీసాలు పెట్టించుకోవాలా వద్దా అని చూస్తున్నవాళ్ళే. లక్ష్మణకూ కబురు పంపాడు.

లక్ష్మణ ఇస్త్రీ చొక్కా వేసుకుని బయలుదేరాడు. మిగతా లారీలకూ అడుగుతారు చూడమని అక్కమ్మతో అన్నాడు. కొత్త గొట్టాలు, రేకులు ఉన్న సంచి ఆమె మోసుకుని వెనకే నడిచింది. వాకిట్లో కుర్చీలు వేసి ఉన్నాయి. ఓనర్లు కూర్చుని ఉన్నారు. లారీ పక్కనే నిలబెట్టి ఉంది. అరుగు మీద వెంకటరామప్ప తల్లి చిక్కమ్మ, చూపు సరిగా ఆనని ముసలావిడ, ఆకు నమలుతూ కూర్చుంది. వచ్చినవాళ్ళిద్దరికీ కూర్చోమని ఎవరూ చెప్పలేదు.

మారియప్పన్ లారీలోంచి సీసా విప్పి తెచ్చాడు. వెంకటరామప్ప నెమ్మదిగా, దాదాపు ముద్దుగా అడిగాడు.

"ఏమిరా లక్ష్మణా, దీంట్లో ఏముందో వీళ్ళకొకసారి చెప్పు."

"నీళ్ళు సామీ."

"వట్టి నీళ్ళేనా?"

"వట్టి నీళ్ళే."

"బోరు నీళ్ళకంటే మేలైనవంట గదా. ఎండన పడి నడిచొచ్చినావు. తాగు."

ఇంట్లోంచి స్టీలు చెంబు వచ్చింది. మారియప్పన్ సీసాలోది అందులోకి వంచాడు. అతని బొటనవేలికి గుడ్డ కట్టి ఉంది. ఆ కట్టు చూడగానే లక్ష్మణకు అంతా తెలిసిపోయింది. ఇది వ్యాపారం కోసం పిలిచిన పిలుపు కాదు. వీళ్ళకు తెలుసు. కుర్చీలో వాళ్ళకు తెలియకపోవచ్చు, వెంకటరామప్పకు తెలుసు.

వెంకటరామప్ప ముందుకు వంగి, పక్కవాళ్ళకు వినబడనంత చిన్నగా అన్నాడు.

"లేదంటే ఒక మాట చెప్పి పో. మీ నాయన చెప్తా ఉన్న మాటే. నీకు బాగా తెలుసు గదా."

అంతే. ఆయనకు కావలసింది అదే. లక్ష్మణ చావాలని ఆయన కోరుకోలేదు, నేను ఒప్పుకుంటాను. మేస్త్రీ అని పిలిపించుకుంటున్న కూలివాడి కొడుకు అదే వాకిట్లో తువ్వాలు నడుముకు కట్టుకోవాలి, పది మంది చూడాలి. ఆ మాట అంటే ప్రాణానికి ఏమీ కాదు. సీసాల పని పోతుంది, బ్యాటరీల పని ఉంటుంది. వేడియప్ప ఉంటే ఈపాటికి అనేసి, ఇంటికెళ్ళి సంగటి తినేవాడు.

లక్ష్మణ అక్కమ్మ వైపు చూశాడు. ఆమె నోరు అప్పటికే తెరుచుకుంది. "సామీ, అది" అన్నంతవరకు వచ్చింది. అతను కళ్ళతో కసిరాడు. కట్టుకున్నవాడి పరువు అనుకుందో, భయపడిందో, ఆమె సంచిని గుండెకు అదుముకుని ఆగిపోయింది. ఆ ఆగిపోవడాన్ని తలుచుకుని ఆమె ఇప్పటికీ తల బాదుకుంటుంది.

అతని మనసులో ఒక ఉపాయం ఉంది. చెంబుకు పెదవులు ఆనించి, పళ్ళు బిగబట్టి, గొంతు మాత్రం ఆడిస్తే తాగినట్టే కనబడుతుంది. పెదవులు మండుతాయి, మండనీ. వెంటనే పక్కకు పోయి కడుక్కోవచ్చు. టీ కొట్టులో ఇన్నేళ్ళుగా ఆనించి తాగుతున్న మనిషి కదా, ఆ ఆలోచనే వచ్చింది. చెంబు తీసుకుని పెదవుల దగ్గరకు తెచ్చాడు.

అరుగు మీదనుంచి చిక్కమ్మ, పాపం ఆవిడకు ఇదేమీ తెలియదు, మసకగా కనబడిందానికి అదిరిపడి అరిచింది.

"ఒరే, నోరు పెట్టొద్దురా. అది మా ఇంటి చెంబు. ఎత్తి పోసుకో."

కుర్చీల్లో ఎవరో నవ్వారు. వెంకటరామప్ప కూడా నవ్వాడు, తల్లి ఇంత బాగా సాయపడుతుందని ఆయన కూడా అనుకోలేదు. లక్ష్మణ చెంబు అలాగే పట్టుకుని ఒక్క క్షణం నిలబడ్డాడు. దించడానికి అప్పుడు కూడా వీలుంది. దించలేదు. తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి, జానెడు ఎత్తునుంచి పోసుకున్నాడు.

చిన్నప్పుడు నేర్చుకున్న విద్య. పైనుంచి నీళ్ళు పడితే మూసుకోవడం ఆ గొంతుకు తెలియదు. నాలుకకు తగలకముందే నేరుగా లోపలికి దిగిపోయింది. రెండో గుటక కూడా దిగాక గానీ మంట తెలియలేదు. తెలిశాక చెంబు విసిరికొట్టలేదు, వంగి మెల్లగా నేల మీద పెట్టాడు. నిలబడ్డాడు. కళ్ళనుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. దగ్గలేదు.

కుర్చీలో ఒకాయన తొడ చరిచి, నీళ్ళేనయ్యా, మనవాడు నిజమే చెప్పాడు అన్నాడు. ఇంకొకాయన తన రెండు బండ్లకూ వచ్చేవారమే బిగించమని, "మేస్త్రీ" అని పిలిచి మరీ చెప్పాడు. ఆ వాకిట్లో ఆ పిలుపు వినాలని లక్ష్మణ ఎన్నేళ్ళు కలగన్నాడో. విన్నాడు. జవాబు చెప్పబోతే నోట్లోంచి చొంగతో కలిసి నెత్తురు వచ్చింది. గొంతు పట్టుకుని మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

అక్కమ్మ సంచి పారేసి వెంకటరామప్ప కాళ్ళ మీద పడింది.

"తప్పైపోయింది సామీ. తప్పైపోయింది. బండి ఇయ్యండి సామీ, ఆసుపత్రికి పోవల్ల."

నేల మీద పడి తన్నుకుంటూ కూడా లక్ష్మణ ఆ మాట విన్నాడు. వద్దన్నట్టు చెయ్యి ఆడించాడు. ఎవరు చూశారు?

వెంకటరామప్ప మొహంలో మొదటిసారి రంగు మారింది. పరిస్థితి తను అనుకున్న చోట ఆగలేదని ఆయనకూ తెలిసింది. అయినా అంతమంది ముందు గాభరా పడితే ఆయన వెంకటరామప్ప ఎలా అవుతాడు? మారియప్పన్ వైపు తిరిగి, సీసా మళ్ళీ బిగించుకుని బయలుదేరమన్నాడు. బండి నీళ్ళతో కదా పోయేది అన్నాడు. చెంబులో మిగిలింది సీసాలో పోసి, గొట్టం తగిలించి, తీగలు కలిపేంతవరకూ లక్ష్మణ ఆ వాకిట్లో దొర్లాడు.

లారీ కడత్తూరు మీదుగా ధర్మపురికి పోయింది. లక్ష్మణ అక్కమ్మ ఒడిలో తల పెట్టి సీటు మీద పడుకున్నాడు. కళ్ళెదురుగా, మారియప్పన్ కాలి పక్కన, తను బిగించిన సీసా. కనబడేటట్టు పెట్టింది అతనే. దారంతా బుడగలు పైకి వస్తూనే ఉన్నాయి. తన షెడ్డు ముందునుంచే పోయారు. మూత తీసిన బ్యాటరీలు వరసగా ఉన్నాయి.

ప్రాణం దక్కింది. గొంతు దక్కలేదు. ఊపిరికి మెడ దగ్గర రంధ్రం పెట్టారు, కూటికి పొట్టలో గొట్టం పెట్టారు. లోపలి దారి కాలి కుంచించుకుపోయిందనీ, ఇక నోటితో చుక్క నీళ్ళు కూడా దిగవనీ డాక్టరు అక్కమ్మకు విడమర్చి చెప్పాడు. మాట కూడా రాదన్నాడు.

కొన్నాళ్ళకు కానిస్టేబులు వచ్చాడు. అక్కమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. కాస్టిక్ సోడా అని చెప్పింది, తన వేళ్ళు చూపించింది, తెలిసే తాగించారని చెప్పింది. కానిస్టేబులు అంతా విని, అక్కడున్న ఓనర్లందరూ అది నీళ్ళేనని చెప్తున్నారన్నాడు. ఈ మనిషే అందరి ముందూ వట్టి నీళ్ళేనని అన్నాడట కదా, అది నిజమో కాదో ఇతనే తలూపి చెబితే చాలన్నాడు. మంచం మీదికి వంగి తమిళంలో అడిగాడు, నీకు వాళ్ళు ఇచ్చింది నీళ్ళేనా అని.

అక్కమ్మ అతని చెయ్యి పట్టుకుని ఏడ్చింది. కాదని చెప్పయ్యా అంది. తల అడ్డంగా ఊపితే చాలు. కానీ అలా ఊపితే ఇన్నాళ్ళూ ఊరందరికీ అబద్ధం చెప్పానని ఒప్పుకున్నట్టే. అంటే ఆ మాట అన్నట్టే. ఏ మాట అననని గొంతు కాల్చుకున్నాడో ఆ మాటే. లక్ష్మణ నీళ్ళేనన్నట్టు తలూపాడు. కానిస్టేబులు వెళ్ళిపోయాడు. ఏం మనిషండీ. పళ్ళు రాలగొట్టాలనిపిస్తుంది, ఏడుపూ వస్తుంది.

ఆ సంగతి వెంకటరామప్పకు చేరింది. మరునాడు మారియప్పన్ ఒక గెల ఎళనీరు కాయలు మోసుకుని వార్డులోకి వచ్చాడు, లేత కొబ్బరి బోండాలు. మంచం కింద పెట్టాడు. తల ఎత్తకుండా, ఎవరో చెప్పమన్న మాట అప్పజెప్పినట్టు చెప్పాడు.

"సామి పంపినారు. ఇవి వట్టి నీళ్ళే, భయపడకుండా తాగమన్నారు."

అక్కమ్మ వాటిని అతని కంటికి కనబడకుండా తీసేయాలనుకుంది. ఎక్కడికి తీసుకుపోతుంది? చివరకు పక్క మంచాల వాళ్ళకు పంచిపెట్టింది. వాళ్ళు సంతోషంగా పుచ్చుకుని, కొట్టించి తెచ్చుకుని, తలలు వెనక్కి వాల్చి, కాయలు పైకెత్తి పోసుకున్నారు. ఎవరికీ దగ్గు రాలేదు. లక్ష్మణ ఒక్కొక్కరి గొంతు వైపు చూస్తూ పడుకున్నాడు.